గండయ్య విరిచిన పొట్టికర్ర

రండర్రా, రండి. పానకం తాగిన గ్లాసులు అక్కడ బోర్లించి, నరసింహస్వామికి ఒక దణ్ణం పెట్టుకుని, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. వెనకవాళ్ళకి వినబడుతోందా? ఆఁ. ఇవాళ్టిది కోపం కథ. వింటూ వింటూ మీకూ ఒళ్ళు మండుతుంది. మండనివ్వండి. కానీ చివరిదాకా వినాలి.

అనగనగా ఒక అడవిలో ఒక వాగు ఉండేది. ఎండాకాలం వచ్చేసరికి వాగంతా ఎండి ఇసుకయ్యేది. ఆ ఇసుకలో ఒకే ఒక్క చెలమ మిగిలేది. చెలమ అంటే తెలుసుగా, ఇసుక తవ్వితే నీళ్ళూరే గుంట. రాత్రి ఊరిన నీళ్ళు పొద్దున్నే ముందు తాగినవాళ్ళకి కొబ్బరినీళ్ళంత తేటగా ఉండేవి. తర్వాత వచ్చినవాళ్ళకి మిగిలేది బురదే.

మరి ముందెవరు తాగాలి? ఎగువ గట్టు జంతువులా, దిగువ గట్టు జంతువులా? ఒకప్పుడు దీనికోసం కొమ్ములు విరిగేలా కొట్టుకునేవారు. చివరికి పెద్దలు కూర్చుని ఒక కట్టుబాటు పెట్టారు. ఏటా వేసవి మొదట్లో ఒక ఆట. గెలిచిన గట్టుకి ఆ వేసవంతా మొదటి నీళ్ళు.

ఆ ఆట గోల్ఫ్! నవ్వకండి. అడవి అంచున, కంచె అవతల, మనుషులు ఆడే మైదానం ఒకటుంది. కంచె దాటి వచ్చిపడిన తెల్లబంతులు, విసుగొచ్చి వాళ్ళు పారేసిన కర్రలు ఏరి తెచ్చుకుని జంతువులు ఆట నేర్చుకున్నాయి. బంతిని కర్రతో కొట్టి, దూరాన ఉన్న గుంటలో వెయ్యాలి. తక్కువ దెబ్బల్లో వేసినవాడిదే ఆ గుంట. మొత్తం మూడు గుంటలు. ఒక్కో గట్టుకి రెండేసి కర్రలు. పొడుగుకర్ర బంతిని దూరం పంపడానికి. పొట్టికర్ర మొహం గరిటెలా వెనక్కి వాలి ఉంటుంది. మనుషులు దాన్ని వెడ్జ్ అంటారు. గుంట దగ్గరికొచ్చాక బంతిని మెల్లగా లేపి పడేయాలన్నా, ఇసుకలో కూరుకుపోయిన బంతిని పైకి తియ్యాలన్నా అదే కావాలి.

ఎగువ గట్టు తరఫున ఆడేవాడు గండయ్య అనే ఎలుగుబంటి. వాడు పొడుగుకర్ర ఎత్తి కొట్టాడంటే బంతి మబ్బుల్లో కలిసిపోయేది. కోతులు చెట్ల మీంచి ఈలలు వేసేవి. ఆ ఈలలు విని విని వాడికి తలకెక్కింది. రోజంతా దూరం కొట్టడమే. పొట్టికర్రకి మట్టి కూడా అంటలేదు.

ఆట నేర్పే ముసలి ఏదుపంది సూదమ్మవ్వకి వాణ్ణి చూస్తే ముళ్ళన్నీ నిక్కబొడుచుకునేవి.

"ఒరేయ్ గండా! ఆ చివరి పది అడుగులూ ఎవడు కొడతాడ్రా? మీ తాతొస్తాడా?"

"పోవే అవ్వా. అది పిల్లలాడుకునే పుల్ల. నా చేతికి అదేం సరిపోతుంది?"

"స్తంభం చీల్చుకుని వచ్చిన స్వామి ఎంత ఉగ్రుడు! ఆయనే పని ముగించడానికి ఒళ్ళో పడుకోబెట్టుకుని గోళ్ళు వాడాడు. నువ్వు ఆయనకంటే మొనగాడివా?"

గండయ్య వినలేదు. అక్క కూతురు ఇప్పి, మూతి ఎండిపోయి డొక్కలు అంటుకుపోయిన బుజ్జి ఎలుగు, వాడి కాలు పట్టుకుని అడిగింది. "మామా, ఈ ఏడు మాకు తేటనీళ్ళు తెస్తావుగా?"

"తేకేం? నేను కొడితే చూడు!" అన్నాడు.

ఆటరోజు వచ్చింది. దిగువ గట్టు తరఫున ముంగిస పోలయ్య వచ్చాడు. తన ఒంటికంటే పెద్ద కర్రలు ఈడ్చుకుంటూ వచ్చాడు. కోతులు పడి పడి నవ్వాయి. దెబ్బలు లెక్కపెట్టడానికి ఉడుము పెద్దన్న రాతిమీద కూర్చున్నాడు.

మొదటి గుంట. గండయ్య ఒక్క దెబ్బ కొట్టాడు. బంతి వెళ్ళి గుంటకి పది అడుగుల్లో పడింది. అడవంతా కేకలు! ఇక పొట్టికర్ర తియ్యాలి. తీశాడా? అంతమంది ముందు ఆ పుల్ల పట్టుకోవడం నామోషీ అనిపించింది. పొడుగుకర్రతోనే తట్టాడు. బంతి గుంట దాటి అవతలికి పోయింది. మళ్ళీ తట్టాడు. ఇవతలికి వచ్చింది. అటూ ఇటూ తిరిగి అయిదో దెబ్బకి పడింది. పోలయ్య పొడుగుకర్రతో రెండు, పొట్టికర్రతో రెండు కొట్టాడు. మొత్తం నాలుగు.

"మొదటి గుంట దిగువ గట్టుది," అన్నాడు ఉడుము పెద్దన్న.

"చెప్పానా? చెప్పానా నీకు?" సూదమ్మవ్వ అరిచింది.

గండయ్య కళ్ళు ఎర్రబడ్డాయి. చెయ్యి తనది, తప్పు తనది. కోపం మాత్రం ఏ పాపమూ ఎరగని పొట్టికర్ర మీద! "దీన్ని నమ్ముకునేవాడు చేతకానివాడు!" అని అరుస్తూ దాన్ని తీసి, మోకాలికేసి ఫటేల్మని రెండు ముక్కలు చేసి, తుప్పల్లోకి విసిరేశాడు.

ఒళ్ళు మండదూ మరి? ఆ కర్ర వాడొక్కడిదా? గట్టుమీద దాహంతో ఉన్న ప్రతి పిల్లదీనూ!

రెండో గుంట లోతైన వంకకి అవతల ఉంది. అక్కడ పోలయ్య బోల్తా పడ్డాడు. పొట్టికర్ర గెలిపించింది కదా అని, అన్నిటికీ అదే చాలనుకున్నాడు. దానితోనే కొట్టాడు. బంతి కాస్త పైకి లేచి వంకలో పడింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ వంకలోనే. మూడోసారీ అంతే. గండయ్య పొడుగుకర్రతో ఒక్కటిచ్చాడు. బంతి వంక దాటి, దొర్లి దొర్లి గుంట అంచున ఆగింది. ఇంకో చిన్న తట్టుతో లోపల పడింది.

"చూశావా అవ్వా? పుల్ల లేకుండానే కొట్టాను!"

"చూశాన్లే. దూరం పొడుగుకర్ర పని, అది చేసింది. మరి పొట్టికర్ర పని వచ్చినప్పుడు ఏం చేస్తావురా, నెత్తి కొట్టుకుంటావా?"

పోలయ్య మాత్రం పక్కన పడేసిన పొడుగుకర్రని మళ్ళీ తెచ్చుకున్నాడు.

మూడో గుంట చెలమ పక్కనే. ఇది ఎవరిదైతే వేసవంతా వాళ్ళది. ఒడ్డున ఎగువ గట్టు పిల్లలన్నీ నాలుకలు బయటపెట్టి నిలబడ్డాయి. ముందు వరసలో ఇప్పి.

గండయ్య రెండు దెబ్బలు కొట్టాడు. అబ్బ, ఏం దెబ్బలు! బంతి గుంటకి ఆరడుగుల దూరంలో పడింది. పడి, మెత్తటి ఇసుకలో సగం కూరుకుపోయింది.

వాడి చెయ్యి అలవాటు లేకుండానే పక్కకి వెళ్ళింది. పొట్టికర్ర ఏది? ఏదీ?

పొడుగుకర్రతో గట్టిగా కొట్టాడు. ఇసుక లేచి కళ్ళల్లో పడింది. బంతి కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. బంతి ఇంకా లోపలికి దిగింది.

పోలయ్య దగ్గరికి వచ్చాడు. "గండయ్య బావా, నా పొట్టికర్ర ఇస్తాను. పెద్దన్న ఒప్పుకుంటాడు. తీసుకో."

ఉడుము పెద్దన్న తలూపాడు కూడా. ఒక్క మాట, "ఇవ్వు" అంటే సరిపోయేది.

"నీ ముష్టి నాకక్కర్లేదు!" అన్నాడు గండయ్య. మూడోసారి ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. బంతి ఇసుకలో పూర్తిగా మునిగి కనబడకుండా పోయింది.

మూడు దెబ్బల్లో అక్కడికి చేరిన పోలయ్య బంతీ ఇసుకలోనే ఉంది. వాడు పొట్టికర్ర తీసుకుని మెల్లగా ఒక్కటి వేశాడు. బంతి ఇసుకతోపాటు లేచి, గుంట పక్కన కూర్చుంది. ఇంకొకటి. పడింది.

"మూడో గుంటా దిగువ గట్టుదే," అన్నాడు ఉడుము పెద్దన్న. ఇప్పి మామ దగ్గరికి నడిచి వచ్చింది.

"మామా, నువ్వు చాలా దూరం కొట్టావు కదా. మరి మాకు నీళ్ళెందుకు రావు?"

గండయ్యకి కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలా అని చుట్టూ చూశాడు. పోలయ్య మీదా? ఇస్తానన్నాడు. అవ్వ మీదా? చెప్పింది. కర్ర మీదా? అది లేదు. ఇక మిగిలింది ఒక్కడే. ఆ ఒక్కడి మీద కోపం అన్నిటికంటే ఎక్కువ మండింది.

మర్నాడు పొద్దున దిగువ గట్టువాళ్ళు తాగి వెళ్ళాక ఇప్పి చెలమలో మూతి పెట్టింది. బురద పీల్చింది. ఉమ్మింది. దాహం ఆగక మళ్ళీ పీల్చింది. గండయ్య ఒడ్డున నిలబడి అంతా చూశాడు.

చూసి, తిన్నగా తుప్పల్లోకి వెళ్ళాడు. ముళ్ళు గీరుకుంటున్నా వెతికి, రెండు ముక్కలూ ఏరుకున్నాడు. అడ్డతీగ నార తీసి, ముక్కకి ముక్క ఆనించి కట్టాడు. సూదమ్మవ్వ వచ్చి పక్కన నిలబడింది. ఆవిడ కోపం ఇంకా తగ్గలేదు.

"బిగించు, వెధవా. ఇంకా బిగించు."

బిగించాడు.

"రోజూ దీనితో ఎన్ని కొట్టాలి అవ్వా?"

"పదింట్లో నాలుగు పొడుగుకర్రతో. ఆరు దీనితో, ఇసుకలో."

కోతులు ఈలలు వెయ్యలేదు. పొట్టిదెబ్బలకి ఎవరు ఈల వేస్తారు? ఆ వేసవంతా, ఇప్పి బురద తాగే వేళకి, గండయ్య ఇసుకలో నిలబడి ఆ ఆరూ కొట్టాడు. ఒక్కరోజూ మానలేదు.

పిల్లలూ, వాడు ఎంత దూరం కొట్టాడో మర్చిపోండి. తాను విరిచిన కర్ర ముక్కల్ని తానే ఏరుకుని, తన చేత్తోనే కట్టాడు చూడండి, ఆ ఒక్క పనీ గుర్తుపెట్టుకోండి. రేపు మీరు కోపంలో దేన్నైనా విసిరికొడతారు. అప్పుడు వెళ్ళి వెతికి తెచ్చి, మీరూ అదే చెయ్యండి. స్వామి చూస్తూ ఉంటాడు.

నీతి: దూరం తీసుకెళ్ళే బలమూ కావాలి, దగ్గర ముగించే నేర్పు అంతకంటే కాస్త ఎక్కువ కావాలి; కోపంలో ఏ ఒక్కదాన్ని విరిచేసుకున్నా, దాహం మనల్ని నమ్ముకున్నవాళ్ళదే.