ఇరవై ఖాళీల రంపం

అనగనగా ఒక అడవిలో కోళ్ళకంటే ముందు నిద్రలేచే చప్పుడు ఒకటుండేది. కర్ర్... కర్ర్... కర్ర్... అది ఆకురాయి చప్పుడు. రంపం పన్ను మీద ఆకురాయి పెట్టి రుద్దితే వస్తుందే, వింటుంటే మన పళ్ళు జివ్వుమంటాయే, అదన్నమాట.

ఆ ఆకురాయి పట్టుకున్నది సింగారి అనే ఏదుపంది. ఒళ్ళంతా ముళ్ళే అయినా వాళ్ళమ్మ ముద్దుగా ఆ పేరు పెట్టుకుంది. సింగారికి రెండు పనులంటే ప్రాణం. ఒకటి పదును పెట్టడం, రెండోది లెక్క పెట్టడం. చీమల బారు కనిపిస్తే చాలు, ఎన్ని పోయాయో, ఇంకా ఎన్ని పోవాలో తేల్చేదాకా కదిలేది కాదు.

రంపం మాత్రం సింగారిది కాదు. భూమయ్య మేస్త్రిది. భూమయ్య అంటే పెద్ద ఎలుగుబంటి. ఆయనంత పొడుగు రంపం, రెండు చివర్లా రెండు పిడులు. ఒక పిడి భూమయ్య పట్టుకుంటే, రెండోది వరహాలు అనే అడవిపంది పట్టుకునేవాడు. ఇటు లాగితే అటు, అటు లాగితే ఇటు. గాలిదుమారానికి పడిపోయిన చెట్లను కోసి, ఎవరికేం కావాలో అది చేసిచ్చేవారు.

ఆ రంపానికి నూట ఇరవై పళ్ళు. భూమయ్య తాత చేతులతో తీర్చిన పళ్ళవి. ఏటా పని మొదలుపెట్టే రోజున భూమయ్య రంపాన్ని కడిగి, ఒక్కో పన్ను కింద ఒక్కో పసుపు బొట్టు పెట్టేవాడు. నూట ఇరవై పళ్ళకి నూట ఇరవై బొట్లు.

"ఈ పళ్ళలో ఒక్కటి తగ్గినా నా పరువు తగ్గినట్టే" అనేవాడు.

ఒక ఎండాకాలం చివర్లో కుందేళ్ళ తరఫున పున్నమ్మ అనే తల్లి కుందేలు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"మేస్త్రిగారూ, మాకో పెద్ద మంచె కావాలి. వానలొస్తే మా పల్లం మునిగిపోతుంది. గుట్ట దాకా పరుగెత్తుదామంటే పిల్లలకంటే నీళ్ళే ముందు పోతాయి. నిరుడు ఒక మొద్దు మీద మూడు రోజులు కూర్చున్నాం. అప్పుడు నాకు ఇద్దరే పిల్లలు. ఇప్పుడు ఐదుగురు. ఆ మొద్దు మీద చోటు చాలదు" అంది.

"ఎన్ని ఇళ్ళమ్మా?" అన్నాడు భూమయ్య.

"నలభై ఇళ్ళండీ. మాది చిట్టచివరిది."

భూమయ్య నేల మీద గీతలు గీశాడు. వరసకి ఆరు గుంజలు, నాలుగు వరసలు. మొత్తం ఇరవైనాలుగు గుంజలు. ఒక్కో వరస మీద పది ఇళ్ళ వాళ్ళు కూర్చోవచ్చు. గుంజకి రెండు కొసలూ చదునుగా కోయాలి. కింది కొస చదునుగా లేకపోతే రాతి మీద నిలబడదు. పై కొస చదునుగా లేకపోతే మంచె ఊగుతుంది. అంటే నలభై ఎనిమిది కోతలు.

"వానలు మొదలయ్యే మృగశిర కార్తెకి ఇంకా పన్నెండు రోజులున్నాయి. కోతులు గుంజలు రాళ్ళ మీద నిలబెట్టి మంచె కడతాయి. కోత సంగతి మాకొదిలెయ్" అన్నాడు భూమయ్య.

పున్నమ్మ సంతోషంగా వెళ్ళిపోయింది. సింగారి మాత్రం కదల్లేదు. దాని పెదాలు ఏదో గొణుగుతున్నాయి.

"ఏమిటే, జపం చేస్తున్నావా?" అన్నాడు వరహాలు.

"లెక్క చేస్తున్నా బాబాయ్. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నేను పదును పెడతాను. మధ్యాహ్నం నుంచి మీరు కోస్తారు. రోజుకి మూడు కోతలు. పన్నెండు రోజులకి ముప్పై ఆరు. పన్నెండు కోతలు తక్కువ. అంటే ఆరు గుంజలు తక్కువ. అంటే..." అని ఆగింది.

మీకు తెలిసిపోయిందా? ఆరు గుంజలు తక్కువంటే ఒక వరస తక్కువ. ఒక వరస తక్కువంటే పది ఇళ్ళకి చోటు లేదు. చిట్టచివరి ఇల్లు పున్నమ్మదే కదా!

"ఇంకాస్త గట్టిగా లాగుదాం" అన్నాడు భూమయ్య.

మొదటి రోజు గట్టిగా లాగారు. భూమయ్య ఒళ్ళు చెమటతో తడిసిపోయింది. వరహాలు మూతి మీద నురగ వచ్చింది. కానీ కోతలు మూడే. పైగా మూడో కోతకి రంపం మొద్దుబారిపోయి, కొసంతా పీచు లేచింది. చీపురుకట్ట మొహంలా ఉంది ఆ గుంజ మొహం.

భూమయ్య, వరహాలు కోసేటప్పుడు సింగారికి ఖాళీ. ఒక మూల విరిగిపోయిన చిన్న రంపం ముక్క పడి ఉంటే తెచ్చుకుని, ఒక దుంగ ముందు కూర్చుంది. ముందు దానికి రెట్టింపు పదును పెట్టి చూసింది. నాలుగు లాగులు బ్రహ్మాండంగా తెగింది. ఐదో లాగుకి మళ్ళీ మామూలే.

రెండో రోజు ఇంకో ఉపాయం చేసింది. పళ్ళ మధ్య లోతుగా అరగదీసి, పళ్ళను పొడుగు చేసింది. దుంగలో ఒక ముడి తగలగానే ఆ సన్నటి పళ్ళు గడ్డిపోచల్లా వంగిపోయాయి.

"బాగుంది! ఇంకో రెండు రోజులుంటే దాన్ని దువ్వెనగా వాడుకోవచ్చు" అన్నాడు వరహాలు.

"నవ్వు బాబాయ్, నవ్వు. నీ కళ్ళలో పడ్డ పొట్టు తుడుచుకుని మరీ నవ్వు" అంది సింగారి.

అని, ఆగిపోయింది. వరహాలు కళ్ళ వైపు చూసింది. కనురెప్పల మీద, మూతి మీద తెల్లటి పిండి. రంపం కింద కూడా పిండే. చేత్తో తీసుకుని నలిపింది. గోధుమపిండి అంత మెత్తగా ఉంది.

అప్పుడు సింగారి పక్కనున్న కొమ్మను తన పళ్ళతో కొరికింది. చెక్క పేళ్ళు లేచాయి. చక్కటి, వెడల్పాటి పేళ్ళు.

"నాకు ముందున్నవి పైన రెండు, కింద రెండు. ఈ నాలుగింటితో నేను పేళ్ళు తీస్తున్నాను. రంపం నూట ఇరవై పళ్ళతో పిండి తీస్తోంది. ఎందుకని?" అనుకుంది.

మళ్ళీ కొరికింది. నోట్లో పేడు అడ్డంగా నిలబడింది. థూ అని ఉమ్మేసింది.

ఉమ్మేసి, అలాగే నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"నేను ఉమ్మేస్తున్నాను! రంపానికి ఉమ్మడానికి చోటేది? పన్ను పక్కన పన్ను, పన్ను పక్కన పన్ను. కోసిన చెక్క బయటికి పోలేక అక్కడే నలిగి పిండవుతోంది. ఆ పిండి రుద్దుకోవడం వల్లే పళ్ళు మొద్దుబారుతున్నాయి. నా ఆకురాయి కూడా ఆ సందుల్లో ఇరుక్కునే కదా అంత సేపు పడుతోంది!"

మూడో రోజు విరిగిన రంపం ముక్కలో పళ్ళను ఆరేసి చొప్పున విడదీసుకుంది. ప్రతి ఆరింటిలో మొదటి నాలుగూ కత్తులు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి కాస్త వంగి, చెక్కలో రెండు గీతలు కోస్తాయి. ఐదోది గరిటె. అది కత్తులకంటే ముల్లు మొన మందమంత పొట్టిగా ఉండి, రెండు గీతల మధ్య ఉన్నదాన్ని లేపుతుంది. ఆరో పన్ను? దాన్ని ఉలితో కొట్టి తీసేసి, అక్కడ గుండ్రటి గూడు చేసింది. లేచిన పేడు ఆ గూట్లో కూర్చుని, రంపంతో పాటు బయటికొచ్చి రాలిపోతుంది.

దుంగ మీద పెట్టి లాగింది. పిండి రాలేదు. సేమ్యాల్లాంటి పొడుగాటి పేళ్ళు రాలాయి. కోసిన మొహం మీద చెయ్యి వేస్తే నున్నగా జారింది.

ఆ సాయంత్రం మూడో కోత అయ్యాక సింగారి ఆ దుంగను తీసుకెళ్ళి భూమయ్య ముందు పెట్టింది.

"పెదనాన్నా, పెద్ద రంపంలో ఇరవై పళ్ళు తీసెయ్యాలి" అంది.

భూమయ్య చేతిలో తేనె దొన్నె ఆగిపోయింది. "ఏమన్నావు?"

"ఇరవై పళ్ళు తీసెయ్యాలి. ఇంకో ఇరవై పొట్టి చెయ్యాలి."

"నీకు మతి పోయిందా? మా తాత పెట్టిన పళ్ళు అవి! పళ్ళూడిన రంపం పట్టుకు తిరుగుతున్నాడని అడవంతా నవ్వదూ?"

సింగారి బెదరలేదు. "ఇప్పుడు ఒక్కో పన్నుకి పది సార్లు ఆకురాయి రుద్దుతున్నాను. నూట ఇరవై పళ్ళకి పన్నెండు వందల సార్లు. పెదనాన్నా, గూళ్ళు చేస్తే ఆకురాయి సుఖంగా దిగుతుంది. ఎనభై కత్తులకి ఐదేసి సార్లు, నాలుగు వందలు. ఇరవై గరిటెలకి రెండేసి, నలభై. అంతా కలిపి నాలుగు వందల నలభై. పొద్దెక్కకముందే నా పని అయిపోతుంది. మీరు రోజుకి ఐదు కోతలు కోయొచ్చు."

"రంపం బాగుచెయ్యడానికి ఎన్ని రోజులు?"

"రేపు ఒక్క రోజు. మిగిలేవి ఎనిమిది రోజులు. ఎనిమిది అయిదులు నలభై. ఇప్పటికి అయినవి తొమ్మిది. నలభై తొమ్మిది. మనకి కావలసింది నలభై ఎనిమిది. ఒక కోత మిగులు కూడా!"

"లెక్క తప్పితే?" అన్నాడు వరహాలు.

సింగారి దాచలేదు. "తప్పితే రెండో రంపం లేదు బాబాయ్. ముప్పై ఆరు కూడా రావు. కానీ ఇలాగే ఉంటే పున్నమ్మకి చోటు లేదన్నది మాత్రం తప్పని లెక్క."

భూమయ్య దుంగ మొహం మీద చెయ్యి వేసి అటూ ఇటూ నిమిరాడు. తర్వాత లేచి, రంపాన్ని రెండు చేతులతో ఎత్తి సింగారి ముందు పెట్టాడు.

"సరే, కానియ్. ఉలి దెబ్బ మాత్రం నా కళ్ళముందు వెయ్యకు" అని తేనె దొన్నెతో అవతలికి వెళ్ళిపోయాడు.

నాలుగో రోజంతా ఠంగు ఠంగుమని చప్పుడు. ఆ చప్పుడు విన్నప్పుడల్లా, చెట్టు చాటునున్న భూమయ్య తన దవడ పట్టుకున్నాడు.

ఐదో రోజు కోత మొదలైంది. మద్ది దుంగ మీద రంపం పెట్టి లాగారు. అంతే! రంపం కప్పలా ఎగిరింది. మళ్ళీ లాగారు. మళ్ళీ ఎగిరింది. మూడోసారి వరహాలు వెనక్కి వెల్లకిలా పడ్డాడు.

"అయిపోయింది. మా తాత రంపం అయిపోయింది" అన్నాడు భూమయ్య. ఆయన గొంతులో కోపం కూడా లేదు. అది మరీ కష్టంగా అనిపించింది సింగారికి.

ఒక్క క్షణం దాని ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. కానీ చిన్న రంపం కోసింది కదా! లెక్క అదే, పళ్ళు అవే. మరి తేడా ఎక్కడ?

రంపం మీద ఒంగి, తన ముల్లు ఒకటి పీకి, కత్తుల మొనల మీద అడ్డంగా పెట్టి చూసింది. గరిటెలు పొట్టిగా లేవు. కత్తులతో సమానంగా, కొన్ని ఇంకా ఎత్తుగా ఉన్నాయి.

"తెలిసింది! తప్పు నాదే. చిన్న రంపానికి ముందు కత్తులకి పదును పెట్టి, తర్వాత గరిటెలు పొట్టి చేశాను. దీనికి తొందరలో ముందు గరిటెలు పొట్టి చేశాను. తర్వాత పదును పెట్టాను. పదునులో కత్తులు అరిగి కిందికొచ్చాయి. గరిటెలు అక్కడే ఉండిపోయాయి. పొద్దు నడినెత్తికి రాకముందే సరిచేస్తాను, కూర్చోండి" అంది.

కూర్చోమన్నా ఇద్దరూ కూర్చోలేదు. దాని భుజం మీది నుంచి తొంగిచూస్తూ నిలబడ్డారు. సింగారి ఒక్కో గరిటెనూ ముల్లు మొనంత దించుతూ పోయింది. ఒకటి, రెండు, మూడు... ఇరవై.

మళ్ళీ పట్టారు. లాగారు. స్ర్ర్... స్ర్ర్... రంపం వెన్నలోకి దిగినట్టు దిగింది. సేమ్యాల్లాంటి పేళ్ళు వరహాలు కాళ్ళ మీద పడ్డాయి.

"మేస్త్రీ, కళ్ళలో ఏమీ పడట్లేదు! ఇన్నేళ్ళలో నీ మొహం ఇంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు. ఏం బాగోలేదు!" అన్నాడు వరహాలు.

"ముందు లాగరా" అన్నాడు భూమయ్య. కానీ నవ్వాడు.

ఆ రోజు నాలుగే కోతలయ్యాయి. తప్పు దిద్దుకోవడానికి మిగులు కోత ఖర్చయిపోయింది. ఆ తర్వాత ఒక్క రోజు కూడా ఐదుకి తగ్గలేదు. సింగారి రోజూ ముందు కత్తులకి పదును పెట్టి, ఆ తర్వాతే గరిటెలు దించేది. పన్నెండో రోజు పొద్దు వాలుతుండగా నలభై ఎనిమిదో కోత తెగింది. కోతులు ఆఖరి గుంజ నిలబెట్టాయి. పై కొస మీద నీళ్ళ చుక్క వేస్తే ఎటూ జారలేదు.

రాత్రికి రాత్రే మంచె పూర్తయింది. తెల్లారేసరికి వాన. మధ్యాహ్నానికి పల్లమంతా నీళ్ళు. మంచె మీద నలభై ఇళ్ళ కుందేళ్ళు. నాలుగో వరస చివర పున్నమ్మ తన ఐదుగురు పిల్లలకి పొడి గడ్డి తినిపిస్తోంది. మంచె ఊగలేదు.

మరుసటి ఏడు పని మొదలుపెట్టే రోజు వచ్చింది. భూమయ్య రంపం కడిగి, పసుపు గిన్నె తీశాడు. పళ్ళ కింద వంద బొట్లు పెట్టాడు. సింగారి లెక్కపెడుతూనే ఉంది. ఆయన ఆగలేదు. పన్ను లేని గూళ్ళ దగ్గర కూడా ఒక్కొక్కటిగా ఇరవై బొట్లు పెట్టాడు.

"అక్కడ ఏముందని మేస్త్రీ బొట్టు?" అన్నాడు వరహాలు.

"అక్కడ చోటుందిరా. అందుకే ఈ వందా పనిచేస్తున్నాయి" అన్నాడు భూమయ్య, పసుపు చేతిని సింగారి నుదుటికి రాస్తూ. ముళ్ళు గుచ్చుకున్నాయి. అయినా చెయ్యి తియ్యలేదు.

నీతి: పెద్దలిచ్చిన పనిముట్టును గౌరవించడమంటే ముట్టుకోకుండా దాచడం కాదు, లెక్క చూసి, పరీక్షించి, తప్పు జరిగితే ఒప్పుకుని దిద్దుకుంటూ దాన్ని ఇంకా మెరుగుపరచడం.