గాబులో తేలిన గుడ్డు

ఉప్పు మడులకు కూతవేటు దూరంలో ఒక పశువుల దొడ్డి. అందులో వీరభద్రం అనే ముసలి ఎద్దు. పేరుకే వీరభద్రం, ఈగ వాలినా తోక విసరాలా వద్దా అని ఆలోచించే రకం. తుపానుకు దొడ్డిదాకా వచ్చిన సముద్రం వెళ్తూ వెళ్తూ ఒక చారల చేపపిల్లను బండి చాలులో వదిలేసింది. ఎద్దు దాన్ని ఆ ఉప్పునీళ్లతో సహా పాకలోని కుడితి తొట్టిలోకి చేర్చి, ముత్యాలని పేరు పెట్టి, కన్నకూతురిలా చూసుకుంటున్నాడు.

సముద్రపు చేప మంచినీళ్లలో బతకదు. ఆ సంగతి ఎద్దుకు చెప్పింది పాక పక్కన నీళ్లు నిలవుంచే గాబు కింద బొరియలో ఉండే పీత, నూకాలు. మంచినీళ్లలో ఉప్పుగల్లు వేసి, కొమ్ముతో కలియబెట్టి, ఒక రోజు తేరనిచ్చి, తాటాకు చాప కప్పి గాబులో దాచమంది. అమావాస్యకొకసారి తొట్టిలో పాతనీళ్లు తీసి గాబునీళ్లు పొయ్యాలి. అదీ ఏర్పాటు.

నడివేసవిలో నూకాలుకు డొల్ల మార్చుకునే రోజులొచ్చాయి. పీతలకది పురిటికి తక్కువ పనేం కాదు. కొత్త డొల్ల గట్టిపడేదాకా బొరియ దాటకూడదు. ఇరవై రోజులు ఓపిక పట్టి, ఇక ఉండబట్టలేక బయటికొచ్చి చూస్తే గాబు మీద చాప లేదు.

చలమయ్య వచ్చివెళ్లాడని వెంటనే అర్థమైంది. చలమయ్య పొరుగు తుప్పల్లో ఉండే నక్క. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, పీత లేని రోజులు చూసి ఎద్దు దగ్గర సలహాదారుగా చేరాడు. మూత పెడితే నీళ్లు మురిగిపోతాయన్నాడు. ఎండకు తగ్గినప్పుడల్లా మళ్లీ ఉప్పునీళ్లు కలిపి పొయ్యమన్నాడు. ఎద్దుకు అందులో తప్పేమీ కనపడలేదు. రోజూ గాబులో రెండు కుండలు పోశాడు. పైగా, ముత్యాలుకు జరగరానిదేదైనా జరిగితే అంత్యక్రియలు తనే చేస్తానని నక్క మాటిచ్చాడట. అంత మంచి మనసుకు ఎద్దు కళ్లు చెమర్చాయట కూడా.

నూకాలు గాబులో కాలు పెట్టింది. లేత డొల్ల భగ్గుమంది. తెల్లారితే అమావాస్య.

"మావా, ఎండ తాగేది మంచినీళ్లనే. ఉప్పు ఎక్కడికీ పోదు. తగ్గినప్పుడు మంచినీళ్లు పొయ్యాలి గానీ ఉప్పునీళ్లు పోస్తావా? ఇవి తొట్టిలో పోస్తే ముత్యాలు పూట కూడా బతకదు."

ఎద్దు తీరిగ్గా నెమరేసి, చలమయ్య నాలుగూళ్లు తిరిగినవాడనీ, నూకాలు ఇరవై రోజులుగా బొరియలో ఉన్నదనీ గుర్తుచేశాడు. నూకాలుకు ఒళ్లు మండిపోయింది. మామూలు రోజుల్లో అయితే నక్క తోక పట్టుకుని నిజం కక్కించేదే. కానీ ఇప్పుడు తన కొండి ఉడికిన వంకాయలా ఉంది. ఇక బుర్రకే పని చెప్పాలి.

తిన్నగా కోటమ్మ అనే కోడిపెట్ట దగ్గరకెళ్లి, పొద్దున పెట్టిన గుడ్డు అడిగింది. తిరిగి తెస్తావా అంటే మాటివ్వలేనంది. ఎవరి ఆట కట్టించడానికో విన్నాక, ఇప్పటికి ఆరు పిల్లల్ని నక్కకు పోగొట్టుకున్న కోటమ్మ మారు మాట్లాడకుండా గుడ్డు దొర్లించింది.

సాయంత్రం నక్క రాగానే నూకాలు ఎద్దు చేత గుడ్డును ముత్యాలున్న తొట్టిలో వేయించింది. బుడుంగున మునిగింది. తీయించి గాబులో వేయించింది. నూనెలో బూరెలా పైకి తేలింది. "ఉప్పు ముదిరిన నీళ్లలోనే గుడ్డు ఇలా తేలుతుంది మావా," అంది.

ఎద్దు చెవులు నిక్కబొడుచుకున్నాయి.

నక్క తొణకలేదు. "బావా, మురిగిన గుడ్డు తేలుతుందని పసిపిల్లలకు కూడా తెలుసు. తొట్టిలో ఈవిడే కాలితో అదిమిపట్టింది, నేను చూశానుగా."

ఎద్దు అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరిని నమ్మాలో తోచలేదు. నూకాలు ఎదురు వాదించకుండా నిట్టూర్చింది.

"బాబాయి చెప్పాక తిరుగేముంది. మురిగిన గుడ్డు దొడ్లో ఉంటే అరిష్టం. పెంటకుప్ప మీద పారెయ్యి మావా."

ఎద్దు మూతితో గుడ్డును గాబు అంచు దాటించాడు. అది నేల తాకలేదు. పొద్దుట్నుంచీ ఏమీ తినని చలమయ్య ఒక్క గెంతు గెంతి గాల్లోనే అందుకున్నాడు. పెంకుతో సహా మింగి, కళ్లు మూసుకుని మూతి నాకాడు.

"ఎలా ఉంది బాబాయ్?" అంది నూకాలు మెల్లగా.

"అబ్బ, ఇప్పుడే పెట్టినట్టు..." అని, మిగతా మాట గొంతులోనే ఆపేశాడు నక్క.

కానీ ఎద్దుకు ఆ సగం చాలు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తల వంచి కొమ్ములు ముందుకు పెట్టాడు. నక్క ఏదో సర్దిచెప్పబోయి, ఆ కొమ్ముల్ని చూసి, సగం తోక వెంట్రుకలు కంచెకే వదిలి తుప్పల్లో పడ్డాడు.

ఎద్దు గాబు బోర్లించి, ఆ పూటే కొత్తనీళ్లు కలిపి చాప కప్పాడు. ఒక రోజు తేరాక, అమావాస్య దాటిపోయినా సరే, నూకాలు రుచి చూసి ఊ అన్నాకే తొట్టిలో పోశాడు. ముత్యాలు తోకతో నీళ్లు చిందించింది. అది చూసి నూకాలుకు ఏడుపొచ్చినంత పనైంది.

అబద్ధాన్ని దాచగలిగిన నోరు కూడా ఆశను దాచలేదు.