పొలమారిన పూట

ఊపిరి సాధన నేర్పే శంభయ్యగారి ఇంట్లో ఒకటే కట్టడి: విస్తరి ముందు కూర్చున్నాక ఎవరూ నోరు విప్పకూడదు. శిష్యుడు దాలినాయుడికి ఆ కట్టడే మింగుడు పడలేదు. పగలంతా "కూర్చో, నీ గాలి నువ్వు చూసుకో" అంటారు. తిండి దగ్గరైనా ఓ మాటుంటుందనుకుంటే అదీ లేదు. తానంటే ఈ ఇంట్లో ఎవరికీ లెక్కలేదని తేల్చేసుకున్నాడు. ఆ మధ్యాహ్నం సంచీ సర్ది గోడకి ఆనించి, ఇదే ఆఖరి భోజనం అనుకుని కూర్చున్నాడు.

గురువుగారి భార్య సూరీడమ్మ ఉలవచారు పోసి పక్కకి తిరిగారో లేదో, ముద్ద నోట్లో ఉండగానే మొదలెట్టాడు.

"అసలు ఊపిరి తీసేదెవరండీ? ముక్కు అనుకుంటే, కాదు ఊపిరితిత్తులంటారు. అవీ వాటంతటవి కదలవట, కింద పొరేదో లాగాలట! నాకంతా గజిబిజిగా ఉంది. మీరు చెప్పరు. నన్ను పట్టించుకునే..."

మాట తెగిపోయింది. పొలమారింది. కళ్లు ఎర్రబడ్డాయి, పక్కటెముకలు ఎగిరెగిరి పడ్డాయి, పొట్ట లోపలికి పీక్కుపోయింది. దగ్గగా దగ్గగా ఒక్క మెతుకు వచ్చి విస్తట్లో పడింది.

సూరీడమ్మ వాడి నడినెత్తిన తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు నాయనా," అన్నారు.

"నన్నా?" నీళ్ల కళ్లతోనే నవ్వాడు వాడు. "నన్ను తలుచుకునేవాళ్లెవరమ్మా?"

ఆ పూట శంభయ్యగారు తన కట్టడి తానే తప్పారు.

"గొంతులో రెండు దార్లురా. ముందుది గాలికి, వెనకది కూటికి. మింగినప్పుడల్లా గాలి దారి మీద చిన్న మూత వాలుతుంది. మాట్లాడాలంటే అది లేవాలి. నువ్వు రెండు పనులూ ఒక్కసారే చెప్పావు. పాపం, అదేం చేస్తుంది?"

"అంటే, అన్నం దగ్గర మీరు మాట్లాడనివ్వంది..."

"నువ్వడిగిన పొరా, తిత్తులూ, నువ్వడగని ఎముకలూ, అన్నీ ఒక్క మెతుకు కోసం లేచాయి. ఒక్కదాన్నైనా పిలిచావా?"

దాలినాయుడు సంచీ కేసి చూశాడు, విస్తరి కేసి చూశాడు. ఇందాక తేలిపోయిందనుకున్నది కూడా ఇప్పుడు తేలడం లేదు. ఏం తోచక ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. "మరి నేను వెళ్లేదా, ఉండేదా" అని అడగబోయి, ఆగి, ముందు మింగాడు.

గురువుగారు అది చూశారు.

"ఇప్పుడు పొలమారలేదు కదా, మూత వేళకి వాలింది. మరి ఇప్పుడెవరు తలుచుకున్నట్టురా?"