డాక్టరమ్మ అడిగిన చక్కిలం

మందు మింగుతూనే ఉంది, చెయ్యి వణుకుతూనే ఉంది. ఇదీ చెంగమ్మ బాధ.

నరాల జబ్బు. రెండేళ్ల కిందట కుడి బొటనవేలితో మొదలై మోచేతి దాకా ఎక్కింది. పూర్తిగా పోయేది కాదు, మెల్లగా పెరిగేదేనని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పేసింది. సరైన మోతాదు పడితే మాత్రం చాలా ఏళ్లు నీ పని నువ్వు చేసుకోవచ్చమ్మా అంది. చెంగమ్మ పనంటే కలంకారీ. శ్రీకాళహస్తిలో తనకు పని నేర్పిన దొరసామి అయ్యవారి వసారాలో ముప్పై ఏళ్లుగా వెదురు కలంతో గుడ్డ మీద బొమ్మలు గీస్తోంది. ఇప్పుడేమో మధ్యాహ్నమయ్యేసరికి కలం పక్కన పెట్టేయాల్సి వస్తోంది. సగం గీసిన సీతమ్మవారు కళ్లు దిద్దించుకోకుండా అలాగే కూర్చుని ఉంది.

"మూడు నెలలకోసారి తిరుపతి పోతానే ఉన్నాను అయ్యవారూ. బ్రహ్మాండంగా ఉన్నావు, ఇవే మాత్రలు వాడు అని పంపించేస్తా ఉంది ఆమె. నా ఖర్మ కాకపోతే ఏంది?" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

డెబ్బై ఎనిమిదేళ్ల అయ్యవారు లేచి పైపంచె భుజాన వేసుకున్నారు.

"ఈసారి నేనూ వస్తా, పద."

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎప్పటిలాగే తెల్లకాగితం, పెన్ను ముందు పెట్టింది. "చుట్లు చుట్లుగా గీయండమ్మా, చక్కిలంలాగా." చేతిలో వణుకెంతుందో ఆ గీతలో తెలిసిపోతుంది మరి.

చెంగమ్మ నడుం నిటారుగా పెట్టింది. చిటికెనవేలు కాగితానికి ఆనించింది. ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున గీసేసింది. మచ్చుకి ఒక వంకర లేదు! ఉంటుందా? ఈ పరీక్ష కోసం వారం రోజులుగా ఇంట్లో గీసి గీసి సాధన చేసిందాయె. పరాయి మనిషి ముందు, అందులోనూ అయ్యవారి ముందు, వంకర గీత గీస్తే తల తీసేసినట్టుండదూ!

"అబ్బ, ఎంత బాగా గీశారో! సరే, ఇవే మాత్రలు..." అంటూ డాక్టరమ్మ మందులచీటీ రాయబోయింది.

"ఉండు తల్లీ," అన్నారు అయ్యవారు.

కాగితం తీసుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, అటూ ఇటూ తిప్పి చూశారు. మెచ్చుకుంటారేమోనన్న ఆశ చెంగమ్మకు లేకపోలేదు.

"ఇది నేను నేర్పిన గీత కదా మే."

కాగితం వెనక్కి తిప్పి ఆమె ముందు పెట్టారు. ఆమె చిటికెనవేలిని తన వేలితో పైకెత్తి పట్టుకున్నారు.

"ఇంకోటి గీయి. గీస్తా గీస్తా, పొద్దున ఏం తిన్నావో చెప్పు."

"ఇడ్లీ, అయ్యవారూ."

"ఎట్ల తిన్నావు?"

నోరు మాట్లాడుతుంటే ఊపిరి ఎక్కడ బిగబట్టేది! "మొదటి ముక్క చట్నీలో పడింది. రెండోది ఒళ్లో పడింది. మూడోది మా పిల్లి తినింది. ఇంక మా ఆయనే పెట్టినాడు..." చెబుతూ ఉంటే పెన్ను గంతులేసింది. చక్కిలం కాస్తా కోళ్లు కెలికిన ఇసుకలా తయారైంది.

పిల్లి దగ్గరే డాక్టరమ్మకు నవ్వాగలేదు. అయ్యవారూ పకపకా నవ్వారు. సిగ్గుతో చచ్చిపోవాల్సిన చెంగమ్మకు కూడా, ఏమిటో, పొట్ట పట్టుకునేంత నవ్వొచ్చింది. రెండేళ్లుగా మోస్తున్న బరువేదో దిగిపోయినట్టు హాయిగా ఉంది.

నవ్వుతూనే డాక్టరమ్మ ఆ కాగితం అందుకుని ముందూ వెనకా చూసింది. రాయబోయిన చీటీ చింపేసింది. జాకెట్టు హుక్కులు ఎవరు పెడుతున్నారు, మాత్ర వేసుకున్నాక చెయ్యి ఎంతసేపు మాట వింటోంది, నిద్ర పడుతోందా అని పావుగంట అడిగింది. ఈసారి చెంగమ్మ ఒక్కటీ దాచలేదు. మాత్రలు మారాయి, వేసుకునే వేళలూ మారాయి.

"పది రోజులు చూడండమ్మా. తేడా లేకపోతే ఫోన్ చేయండి, మళ్లీ మారుద్దాం."

మెట్లు దిగేటప్పుడు చెంగమ్మ ఉండబట్టలేకపోయింది. "గీత వంకరపోతే ముప్పై ఏళ్లు నా వేళ్ల మీద కొట్టినారు. ఈ పొద్దు మీరే వంకర గీయించి నా పరువు తీస్తిరి కదా అయ్యవారూ!"

అయ్యవారు వణుకుతున్న ఆ చేతినే ఆసరాగా పట్టుకుని ఒక మెట్టు దిగారు.

"నాకు గీత చూపించు మే. ఆమెకు చెయ్యి చూపించు."