నీలి దీపాల పడవ

ఏ పని చేసినా పదిమందీ తలతిప్పి తననే చూడాలని తపించే కాశయ్య అనే పడవ యజమాని ముత్యాలపాలెం రేవులో ఉండేవాడు.

అతనిది తండ్రి నాటి తెరచాప పడవ. ఇంజను లేదు, గాలే దాని బలం. లంకల నుంచి సరుగుడు కర్రలు, ఉప్పు బస్తాలు రేవుకు చేరవేసేది. ఆ ఏడాది కాశయ్య దానికి కొత్త చెక్కలు వేయించాడు, కొత్త చాప కుట్టించాడు. ఇక రాత్రి ప్రయాణానికి దీపాలు మాత్రమే మిగిలాయి. వాటిని కొనడానికి తన చెల్లెలు వరాలమ్మ భర్త సత్తియ్యను వెంటబెట్టుకుని పట్నంలోని పడవ సామాన్ల దుకాణానికి వెళ్లాడు. సత్తియ్య పీతలు పట్టి బతికేవాడు. అతనికీ ఒక చిన్న తెరచాప పడవ ఉండేది.

"ఎడమకు ఎరుపు, కుడికి పచ్చ, వెనక తెలుపు. తెరచాప పడవకు ఈ మూడూ చాలు బావా" అన్నాడు సత్తియ్య, దీపాలు ఏరి పక్కన పెడుతూ.

కాశయ్య పెదవి విరిచాడు. "ఊళ్లో ప్రతి పడవకూ అవే. నా పడవకూ అవే అయితే ఇంత ముస్తాబు ఎందుకు?"

"ముస్తాబుకు కాదు బావా. ఎరుపు కనిపిస్తే నీ ఎడమ పక్క నావైపు ఉందని నాకు తెలుస్తుంది. పచ్చ కనిపిస్తే కుడి పక్క. చీకట్లో ఒక పడవ ఇంకో పడవతో మాట్లాడేది ఈ రంగులతోనే."

"నా పడవ మాట్లాడనక్కర్లేదు. అది వస్తోందంటే మిగతావాళ్లే తప్పుకుంటారు" అని కాశయ్య నవ్వాడు. పడవ చుట్టూ కట్టడానికి బ్యాటరీతో వెలిగే నీలిరంగు దీపాల దండలు కొన్నాడు. తాను చుక్కాని పట్టి నిలబడితే దూరానికి కూడా కనిపించాలని, తన వెనక గడకు బిగించడానికి ఒక పెద్ద తెల్ల లైటు తీసుకున్నాడు. సత్తియ్య ఏరిన మూడూ దుకాణంలోనే ఉండిపోయాయి.

ఆ పడవ తొలిసారి పొద్దుగూకాక బయల్దేరినప్పుడు రేవులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నీటి మీద నీలి మంట ఒకటి చప్పుడు లేకుండా జారుతున్నట్టు కనిపించింది. దాని నడుమ, తెల్లని వెలుగు ముందు, నల్లని మనిషి ఆకారం కదలకుండా నిలబడి ఉంది. ఏరు సముద్రంలో కలిసే మొగలో వలలు వేసినవాళ్లు "కొరివి దయ్యం!" అని గొణుక్కుని, సగం వలలు నీళ్లలోనే వదిలేసి ఒడ్డుకు వచ్చేశారు. ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులు వేసుకున్నారు. మర్నాడు ఈ సంగతి విని కాశయ్య మురిసిపోయాడు.

"చూశావా? ఊరంతా నా పడవ గురించే!" అన్నాడు వరాలమ్మతో.

"భయపడుతున్నారు అన్నయ్యా" అంది ఆమె.

"భయపడినా చూస్తున్నారుగా" అన్నాడు కాశయ్య.

పుష్యమాసం వచ్చింది. ఒక తెల్లవారుజామున కాశయ్య కర్రల లోడుతో లంక నుంచి రేవుకు తిరిగి వస్తున్నాడు. తోడుగా జగ్గులు అనే పనివాడు ఒక్కడే ఉన్నాడు. సగం దూరం వచ్చేసరికి మంచు కమ్మింది. ఒడ్డు పోయింది, చుక్కలు పోయాయి, పక్కనున్న నీళ్లు కూడా పోయాయి. దీపాల వెలుగు మంచు మీద పడి, పడవ చుట్టూ నీలి గోడ కట్టినట్టయింది. ఆ గోడకు అవతల ఏముందో ఇద్దరికీ తెలియలేదు.

ఉన్నట్టుండి జగ్గులు ముందుకు వేలు చూపించాడు. "కాశయ్యగారూ... ముందు ఎవరో ఉన్నారు."

కాశయ్య తల ఎత్తాడు. చాప పక్కగా, నీళ్ల మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తాటిచెట్టుకు మూడింతల ఎత్తున్నాడు. ముఖం లేదు. తల మంచులో కలిసిపోయింది. కాశయ్య ఒక చేయి ఎత్తాడు. వాడూ ఎత్తాడు. కాశయ్య పక్కకు వంగాడు. వాడూ వంగి, పడవ మీదికి వాలాడు.

"గంగమ్మ తల్లీ!" అని జగ్గులు కర్రల మీద బోర్లా పడ్డాడు.

కాశయ్య వాడి నుంచి తప్పించుకోవాలని చుక్కానిని బలంగా తోశాడు. పడవ గిర్రున తిరిగింది. ఆ నల్లటి మనిషి మాత్రం తిరిగిన ప్రతిసారీ ఎదురుగానే వచ్చి నిలబడ్డాడు. అప్పుడే మంచులోంచి ఎవరో "ఎటు? ఎటు తిరిగావు?" అని అరిచారు. కాశయ్య జవాబు చెప్పేలోగా పడవ దేన్నో గుద్దుకుంది. చెక్కలు విరిగిన చప్పుడు, ఒక ఆడమనిషి కేక, ఆ తర్వాత నీళ్ల గలగల.

"అన్నయ్యా!"

ఆ గొంతు విని కాశయ్య చుక్కాని వదిలేశాడు. అది వరాలమ్మ గొంతు. పీతల గంపలతో సంతకు బయల్దేరిన ఆమె, సత్తియ్య ఇప్పుడు నీళ్లలో ఉన్నారు. కాశయ్య ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పరుగెత్తాడు. ఎటు చూసినా నీలి గోడే. పిలుపు ఎడమ నుంచి వచ్చినట్టుంది, వెనక నుంచి వచ్చినట్టూ ఉంది. అంచున వంగి వెతుకుతుంటే ఆ నల్లటి ఆకారమూ తనతోపాటు వంగి దేనికోసమో వెతికింది.

అప్పుడు అతనికి అర్థమైంది. అది దయ్యం కాదు. వెనకనున్న పెద్ద లైటు మంచు మీద పరిచిన తన నీడే.

కాశయ్య పరుగున వెళ్లి బ్యాటరీ తీగలు పీకేశాడు. నీలి గోడ కూలింది. నల్లటి మనిషి మాయమయ్యాడు. చీకటికి కళ్లు అలవాటు పడేసరికి, కొంచెం దూరంలో నీటి అంచున చిన్న పచ్చని చుక్క కనిపించింది. ఎడమకు ఒరిగి సగం మునిగిన సత్తియ్య పడవ కుడి దీపం అది, ఇంకా వెలుగుతోంది. ఆ పడవ అంచును పట్టుకుని ఇద్దరు తేలుతున్నారు.

కాశయ్య, జగ్గులు తెడ్లు వేసి అక్కడికి చేరారు. ఇద్దర్నీ పైకి లాగారు. వరాలమ్మ నీళ్లు కక్కి కళ్లు తెరిచింది. సత్తియ్య కుడి చెయ్యి రెండు పడవల మధ్య నలిగి వేలాడుతోంది.

"నా పడవ నీకు కనిపించలేదా సత్తియ్యా?" అని కాశయ్య ఏడ్చాడు.

"కనిపించింది బావా" అన్నాడు సత్తియ్య పళ్లు బిగబట్టి. "నీ వెలుగు ఆకాశమంతా ఉంది. నువ్వు ఎటు పోతున్నావో మాత్రం అందులో లేదు. ఎటు తప్పుకోను?"

కాశయ్య తన పైపంచె చింపి ఆ చేతికి కట్టు కట్టాడు.

సత్తియ్య ప్రాణం దక్కింది గానీ, ఆ చెయ్యి మళ్లీ తాడు లాగలేదు. కాశయ్య తన పడవలో చెల్లెలికీ సత్తియ్యకీ సగం వాటా ఇచ్చాడు. నీలి దండలు విప్పేసి, ఎడమకు ఎరుపు, కుడికి పచ్చ, వెనక తెలుపు తన చేత్తోనే బిగించాడు. ఆ తర్వాత చీకట్లో అతని పడవ వెళుతుంటే ఎవరూ ఆగి చూసేవారు కాదు. ఎవరి దారిన వాళ్లు సుఖంగా తప్పుకుని పోయేవారు. అంతకంటే ఇంకేమైనా కావాలని కాశయ్య ఎన్నడూ అడగలేదు.

పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి: నలుగురి క్షేమం కోసం పెట్టుకున్న కట్టుబాటును మన గొప్ప కోసం మార్చేస్తే, ఆ వెలుగులో ముందు గుడ్డివాళ్లమయ్యేది మనమే, దెబ్బ తగిలేది మనవాళ్లకే.