బొరియ కాన్వెంటులో ఫస్టు ర్యాంకు

ఒట్టు! ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నాలుక మీద వాత పెట్టండి.

వేరుశెనగ చేను గట్టున తాటిచెట్టు మీద గవరమ్మ అనే గద్ద ఉండేది. మబ్బుల్లో తిరుగుతూనే, కింద చీమ మీసం దువ్వుకుంటుంటే చూసేసేది. అలాంటి తల్లి కొడుకు పైడిరాజును తీసుకెళ్ళి గట్టు కింద ఎలుక మాస్టారి బొరియ కాన్వెంటులో వేసింది. లోపల కటిక చీకటి. ఆకును ముక్కుకు ఆనించుకుని చదవాలి. మొదట్లో మధ్యాహ్నం కాసేపు ఎగరడానికి వదిలేవాళ్ళు. దాన్ని మాన్పించిందీ గవరమ్మే.

"ఎగరడం ఇంట్లో ఎలాగూ ఉన్నదే మాస్టారూ, ఆ కాసేపూ చదివించండి. పక్కచెట్టు డేగపిల్ల కంటే మావాడు వెనకబడకూడదు."

"మీలాంటి తల్లి ఊరికొకరుంటే చాలమ్మా!" అన్నాడు మాస్టారు, మీసాల చాటున నవ్వుకుంటూ.

పైడిరాజుకు ఫస్టు ర్యాంకు వచ్చింది. ఆ సంబరంలో తల్లి వాణ్ణి తొలివేటకు తీసుకెళ్ళింది.

"ఒరేయ్, అదిగో ఎలుక! దూకు!"

వాడు రివ్వున దూకి ఎండిన పేడకడి పట్టుకొచ్చాడు. మళ్ళీ దూకి ఎవరిదో తెగిన చెప్పు తెచ్చాడు. ఆపైన తల్లి తోకే పట్టుకున్నాడు.

"నీ కళ్ళు కాకులెత్తుకుపోయాయా! ఏనుగంత ఎలుక కనపళ్ళేదూ?"

"దూరానివన్నీ మసకే అమ్మా. ఆకైతే చక్కగా కనిపిస్తుంది. చదవమంటావా?"

గవరమ్మ రెక్కలతో నెత్తి బాదుకుంది. వేట రాని గద్దకు రేపు తిండెవరు పెడతారు? కింద ఎలుకలు పట్టపగలే కాయలు పీక్కుతింటూ, "దాక్కోవడమెందుకర్రా, మన మాస్టారి శిష్యుడేగా!" అని ఇకిలిస్తున్నాయి. మాస్టారి చదువు ఎవరి మేలుకో అప్పుడు అర్థమైంది దానికి.

మర్నాడు బొరియ ముందు వాలింది. "మాస్టారూ, మావాణ్ణి ఇంతవాణ్ణి చేశారు. శాలువా కప్పి సన్మానం చేయకపోతే నాకు నిద్రపట్టదు."

మాస్టారు మూతి మాత్రం బయటపెట్టాడు. "మీరు ఆమడ దూరం జరిగితేనే వస్తాను. శాలువా నా శిష్యుడే కప్పాలి."

"మీ మాట కాదంటానా!" అని, కొడుకు చెవిలో ఏదో ఊది, గవరమ్మ కొండ అవతలికి పోయింది.

మాస్టారు కులుకుతూ వచ్చి, పైడిరాజు పట్టుకున్న అరిటాకు శాలువా కింద తల వంచాడు. కుర్రాడి ముక్కుకు బెత్తెడు దూరం. ఆ దూరంలో వాడి చూపుకు తిరుగేలేదు.

"అమ్మా, కనపడ్డాడే!"

సన్మానం అక్కడితో అయిపోయింది, మాస్టారితో సహా.

పైడిరాజు చూపు మాత్రం మునుపటిలా కాలేదు. ఆ తర్వాత పుట్టిన వాడి చెల్లెల్ని గవరమ్మ పొద్దస్తమానం వెలుగులోనే ఎగరనిచ్చింది.

పిల్లల ఆటపొద్దు లాక్కుని చదివిస్తే ర్యాంకు మనకొస్తుంది, మసక వాళ్ళకు మిగులుతుంది.

సరేగానీ బుజ్జీ, ఆ పుస్తకం ముక్కు మీంచి దించు. మేడమీద వడియాలు ఎండబెట్టాను, కాకులు వాలకుండా వెళ్ళి చూడు. పొద్దువాలేదాకా కిందికి రాకు!