పూతరేకు పట్టుకుని లేసు చూసిన ఊరు

చినమొగల్లంక రాజావారికి ఏదైనా నచ్చిందంటే వేలు పెట్టి లాగాల్సిందే. కొత్త తలుపు కనిపిస్తే గోటితో గీకుతాడు. ఏనుగు కనిపిస్తే తోక లాగుతాడు. పైగా పదివేళ్లకీ ఉంగరాలు! అలాంటాయనకి ఓ పొద్దున్నే లేసు పిచ్చి పట్టింది.

"అప్పాయమ్మ అల్లిన లేసు తెర తెచ్చి కచేరీ హాల్లో వేలాడదీయండి. ఊరంతా వచ్చి చూడాలి. ముక్కు ఆనేంత దగ్గర్నుంచి చూడాలి. ఒక్క పోగు తెగకూడదు!"

"ముందు అద్దం పెట్టిద్దామా ప్రభూ?" అన్నాడు దివాను శూరభద్రయ్య.

"అద్దం పెడితే నా మొహమే కనిపిస్తుంది కదయ్యా. దాన్ని రోజూ చూస్తూనే ఉన్నాగా!"

దివాను మీసం తిప్పాడు. ఈయన బిల్డప్ మామూలుది కాదు, తుమ్మినా ముందు బాకా ఊదించుకుంటాడు. "నాకొదిలేయండి ప్రభూ. ముందు చిన్న లేసుతో పరీక్ష చేసి చూపిస్తా" అని ఓ గుమ్మం లేసు తగిలించి, చుట్టూ బల్లేలతో భటుల్ని నిలబెట్టాడు. జనానికి భటుల వీపులు తప్ప ఏమీ కనపళ్లేదు.

మధ్యాహ్నం ఓ భటుడికి ఆకలేసి ఇంటికి బయల్దేరాడు. వాడి బల్లేనికి లేసు కొస తగులుకుంది. అల్లిక లేసు సంగతి తెలుసుగా, చివరి ముడి ఊడిందా, ఇక లాగినంత దారం. వాడు నడుస్తున్నాడు, అది ఊడుతోంది. సంతలోంచి వెళ్లాడు, మంగలి కొట్టు చుట్టూ తిరిగాడు, ఓ గేదె కాళ్ల మధ్య నుంచి దూరాడు. వాడు పులుసన్నం కలుపుకునేసరికి కచేరీ గోడకి మేకు ఒక్కటే మిగిలింది. గేదె మాత్రం పెళ్లికూతురిలా తయారైంది.

"తప్పు భటుడిది కాదు ప్రభూ, దారానిది" అన్నాడు దివాను. సిగ్గు లేదు అసలు!

అప్పాయమ్మ పెద్ద తెరని గుండెకి హత్తుకుని వచ్చింది. "అయ్యా, ఆ చిన్నది పోతే పోయింది. ఇది నేను కాపరానికొచ్చిన ఏడు మొదలెట్టానండి. మా అబ్బాయికి పెళ్లయ్యాక ముగించాను. దీనికి ఏమన్నా అయిందో, నా సూది గోదాట్లో పారేస్తా. మళ్లీ పోగు ముట్టను. ఆయ్!"

రాజు మొహం వేలాడేశాడు. చూపించాలనుంది. చింపాలని లేదు.

అప్పుడు రాజుగారికి తాంబూలం అందించే పేరయ్య, ఆకుకి సున్నం రాస్తూనే అన్నాడు. "నేను చూపిస్తా ప్రభూ. బల్లెం వద్దు, తాడు వద్దు, అద్దం వద్దు."

"ఈ తమలపాకులోడా!" దివాను పగలబడి నవ్వాడు. "పోగు తెగితే ఏం చేస్తావురా?"

"ఏనుగుల సాలలో పేడెత్తుతానండి."

"తెగకపోతే?"

"మీరెత్తండి."

రాజుకి ఈ పందెం పిచ్చగా నచ్చేసింది. "ఖాయం!" అన్నాడు.

అప్పాయమ్మ పేరయ్యని పక్కకి లాగింది. "బాబూ, నా బతుకురా అది!"

"పిన్నిగారూ, ఊరి చేతులు నాకొదిలేయండి."

మర్నాడు తెరని కచేరీ హాల్లో వేలాడదీసి, గుమ్మం దగ్గర పేరయ్య ఓ గంప పెట్టుకుని కూర్చున్నాడు. గంపలో పూతరేకులు. నెయ్యి లేదు, బెల్లం లేదు, ఉత్త రేకులు. ఊపిరి తగిలినా చిట్లే రకం. వచ్చినవాళ్ల రెండు అరచేతులూ చాపించి, ఒక్కో రేకు పరిచాడు.

"అవతలి గుమ్మం దాకా చిట్లకుండా తీసుకెళ్లినోళ్లకి అక్కడ నెయ్యీ, బెల్లం వేసి చుట్టిస్తారు. చిట్లిందా, నోట్లో వేలే!"

అబ్బా, ఆ సీన్ చూడాలి! ఊరు ఊరంతా చేతులు చాపి, పిల్లుల్లా అడుగులేస్తూ, ముక్కులు లేసుకి ఆనించి చూస్తోంది. పసుపు చేతులు, జిడ్డు చేతులు, గాజుల చేతులు, అన్నీ రేకు కిందే ఇరుక్కుపోయాయి. ఓ ముసలాయనకి ముక్కు దురదేస్తే పక్కోడి భుజానికి రాసుకున్నాడు. పక్కోడు కదల్లేడు, తిట్టలేడు!

రాజు కూడా వరసలో వచ్చాడు. లేసులో అల్లిన నెమలి కనిపించింది. వేళ్లు జివ్వున లాగాయి. కానీ చేతిలో రేకు!

"పేరయ్యా, తోక ఒక్కటి లాగి చూడనీరా!"

"నెయ్యి ఇప్పుడే కాచారు ప్రభూ, వాసన వస్తోందా?"

రాజు గుటకేసి ముందుకి నడిచాడు.

వెనకే దివాను. ఆయన ఆలోచనంతా వేరు. చేతులు ఖాళీ అయితే ఓ పోగు లాగేయొచ్చు, పందెం గెలవొచ్చు. టక్కున రేకుని నోట్లో కుక్కేసి లేసు వైపు వేలు చాపాడు.

"అయ్యో, దివాన్ గారికి ఆకలేసినట్టుంది!" పేరయ్య గంపతో ఎదురొచ్చి చేతుల్లో ఇంకో రేకు పెట్టేశాడు. దివాను అదీ మింగాడు. ఇంకోటి. అదీ మింగాడు. ఇంకోటి. ఉత్త రేకులు అంగిట్లో అట్టకట్టి దవడలు అతుక్కుపోయాయి. అవతలి గుమ్మం చేరేసరికి మనిషికి మాట లేదు.

అప్పాయమ్మ తెర అంతా తడిమి చూసుకుంది. ఒక్క పోగు కూడా లేవలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

పేరయ్య వినయంగా వంగాడు. "దివాన్ గారూ, పేడ మీరే ఎత్తుతారు కదండీ? కాదంటే కాదని చెప్పేయండి."

"మ్మ్మ్! మ్మ్మ్మ్!"

"కాదనలేదు ప్రభూ."

రాజు పడీపడీ నవ్వాడు. ఆ నవ్వుకి, ఇంకా నెయ్యి వేయించుకోని రేకు చేతిలోనే ఫట్‌మని చిట్లింది.

"ఒరేయ్, నా నెయ్యి! నా బెల్లం!"

"రేకు చిట్లింది ప్రభూ. లేసు చిట్లలేదు. ఏది కావాలో చెప్పండి!"

రాజు కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, వేళ్ల ఉంగరాలన్నీ ఊడబెరికాడు. "ఇవి ఉన్నంత కాలం నీ లేసుకి గండమే అప్పాయమ్మా. సగం నీకు, సగం ఈ పేరయ్యకి. తెర ఇక్కడే ఉంటుంది, రేకుల గంప కూడా!"

అప్పాయమ్మ ఉంగరాల్ని ఎగాదిగా చూసింది. "నేను పెట్టుకోనండి బాబూ, పోగులు పట్టేస్తాయి. మా కోడలికి ఇస్తా. దానికెలాగూ అల్లిక రాదు!"